రెండు మెట్ల పైన గొంతు

నస్రత్ పాట మోగని సెల్‌ఫోను గుంటూరు చుట్టుపక్కల రెండు జిల్లాల్లో ఉందో లేదో గాని, నస్రత్‌ని చూసి, ఆ పాట పాడింది ఈమే అని మొదటి మాటకే నమ్మినవాళ్లు మాత్రం లేరు. స్టేజీ వెనక ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని ఉంటే ఎవరో ఒకరు వచ్చి, "ఏమ్మా, పాడే పిల్ల ఇంకా రాలేదా?" అని ఆమెనే అడిగేవారు. మొదటి ఏడాది నవ్వొచ్చేది. రెండో ఏడాది కోపం వచ్చేది. మూడో ఏటికల్లా, "వస్తంది, దారిలో ఉంది" అని చెప్పి కళ్లు మూసుకోవడం అలవాటైపోయింది.

తప్పు జనానిది కాదు. పాటలో గొంతు అట్లాంటిది. సన్నగా, చలాకీగా, కొత్తగా ఓణీ వేసిన పిల్ల గట్ల మీద పరిగెడుతూ పాడినట్టుంటుంది. నస్రత్ ఇరవయ్యేడేళ్ల మనిషి. పొడగరి, భుజాలు వెడల్పు. పర్చూరు పక్కన తాటివారిపాలెంలో తాతల నాటి నుంచీ దూది ఏకి పరుపులు కుట్టే నూర్‌బాషాల ఇంటి పిల్ల. పరుపు చుట్టలు ఎత్తి సైకిలు మీద వేసి పెరిగిన చేతులు. మామూలుగా మాట్లాడినా ఆమె గొంతు కాగు లోపలి నుంచి వచ్చినట్టు వస్తుంది. ఫోనెత్తి 'హలో' అంటే అవతలివాళ్లు 'సార్' అనడం కద్దు.

ఆ పాట పుట్టింది మిరప కల్లంలో. రెండువేల ఆరు వేసవి. డిగ్రీ పూర్తయి, ఏ ఉద్యోగమూ చిక్కక, తల్లి జానీబీతో కలిసి కాయ తొడిమలు తీయడానికి పోయేది. కల్లంలో పాడడం వేరే విద్య. ఎండిన కాయ మధ్య కూర్చుని నోరు బారా తెరిచామా, ఘాటు గొంతులోకి దిగుతుంది. ఇక ఆ పూటంతా దగ్గే దగ్గు. అందుకని అక్కడి ఆడవాళ్లు మూతికి కొంగు అడ్డం చుట్టుకుని, పెదాలు కదిలీ కదలనట్టుగా, బాగా కిందిస్థాయిలో పాడతారు. చరణానికీ చరణానికీ మధ్య ముక్కుతో మెల్లగా గాలి పీల్చుకునేంత ఎడం వదులుతారు. కొత్తవాళ్లు వింటే ఎవరో మూలన కూర్చుని మూలుగుతున్నారనుకుంటారు. కాసేపు అక్కడే కూర్చుంటే మాత్రం తొడిమ తుంచే చెయ్యి ఆ వరసకి దానంతటది నడుస్తుంది.

నస్రత్ ఆ వరసలోనే తనకి తోచిన మాటలు కట్టింది.

*ఎర్రెర్రని కల్లం మీద ఎండ సదురుకుంది*
*ఎవ్వరికీ పట్టని నీడ నా పక్కన కూకుంది*
*ఘాటు పట్టిన చెయ్యి నాది*
*ఎవరి కన్ను తుడిచేది*

పక్కనే కూర్చున్న తోటి కూలీ పేరమ్మ ఖాళీ పురుగుమందు డబ్బా బోర్లించి వేళ్లతో వాయించింది. పేరమ్మ ఇంట్లో ఒక టేపు రికార్డరు ఉండేది, పాట పట్టడమేగాని దాని స్పీకరు పోయి వినబడేది కాదు. దాన్ని కల్లంలో కాటా మీద పెట్టి పాట పట్టారు. వెనకాల కాకి అరుపూ, మేస్త్రీ కేకా కూడా పడ్డాయి.

ఆ క్యాసెట్టు పట్టుకుని నస్రత్ గుంటూరు వెళ్లింది. బ్రాడీపేటలో సలీం కొట్టు అంటే అప్పటి కుర్రాళ్లందరికీ తెలుసు. తొంభైల్లో అది క్యాసెట్లు నింపే కొట్టు. చీటీ మీద పాటలు రాసిస్తే, అడిగిన వరసలో ఎక్కించి సాయంత్రానికి ఇచ్చేవాడు. క్యాసెట్ల రోజులు పోయాక చెక్కలతో అరలు కట్టి, కంప్యూటర్లు పెట్టి, నెట్ సెంటరు చేశాడు. పాత డబుల్ డెక్కు మాత్రం కౌంటరు మీదే ఉంచాడు, ఇంటి పెద్దని అరుగు మీద కూర్చోబెట్టినట్టు.

పాటని సీడీలో ఎక్కించి ఇమ్మంటే, డెక్కుకీ కంప్యూటరుకీ వైరు కలిపి ఎక్కించాడు. విన్నాడు. మళ్లీ విన్నాడు.

"అమ్మాయ్, ఇది నెట్లో పెడదామా?"

"పెడితే ఏమొస్తదన్నా?"

"ఏం రాదు. పోయేది మాత్రం ఏముంది?"

నస్రత్ హెడ్‌ఫోను పెట్టుకుని విని ముఖం చిట్లించింది. "ఇది నా గొంతేనా?"

"ఎవరి గొంతు వాళ్లకి అట్టాగే వినబడుద్ది. మొదటిసారి రికార్డింగులో విన్నోళ్లంతా ఇదే మాటంటారు" అన్నాడు సలీం. అది నిజమే. అందుకే ఆమె నమ్మింది.

ఆ కొట్టులో గంటకింత ఇచ్చి కూర్చునే ఇంజనీరింగు కుర్రాళ్లు పాటని ఆర్కుట్‌లో పెట్టారు. అక్కడి నుంచి హైదరాబాదు హాస్టళ్లకీ, బెంగుళూరు రూములకీ పోయింది. ఎవడో పుణ్యాత్ముడు మిరపచేల ఫొటోల మధ్య ఎవరో ఓణీ పిల్ల బొమ్మ అతికించి యూట్యూబ్‌లో ఎక్కించాడు. ఆ పిల్ల ఎవరో ఈనాటికీ తెలియదు. ఆ తర్వాత సెల్‌ఫోను కొట్లు అందుకున్నాయి, మెమరీ కార్డు ఎవరు కొనుక్కున్నా ఇది ఉచితం. ఏడాది తిరిగేసరికి ఆటోల్లో అదే, పెళ్లిపందిళ్లలో అదే. సినిమాలో పాట కాదు, క్యాసెట్ల కంపెనీ వేసింది కాదు, గోడ మీద పోస్టరు లేదు. ఒక టీవీ చానెలు వాళ్లు తాటివారిపాలెం వచ్చి, జానీబీని పరుపు కుడుతుండగా చూపించి, "ఈ మట్టిలో పుట్టిన కోయిల" అన్నారు. కోయిల ఆ రోజు జ్వరంతో పడుకుని ఉంది.

ఇంకేముంది, ప్రోగ్రాములు మొదలైనాయి. సలీం మేనేజరయ్యాడు. మంగళగిరిలో మగ్గాల ఇంట్లో పుట్టి, మగ్గం ఎక్కనని కీబోర్డు పట్టిన పానకాలు వచ్చి చేరాడు. పేరమ్మ డబ్బాతో సహా వచ్చింది. కాలేజీ ఫంక్షన్లు, నగల కొట్ల ప్రారంభాలు, అపార్ట్‌మెంట్ల శంకుస్థాపనలు. ఎక్కడికి పోయినా అదే పాట. మొదట ఒకసారి, మధ్యలో ఒకసారి, కలెక్టరు గారో ఎమ్మెల్యే గారో ఆలస్యంగా వస్తే వాళ్ల కోసం ఇంకోసారి.

మొదటి ప్రోగ్రాములోనే నస్రత్‌కి ఒకటి తెలిసింది. పాట తనకంటే పైన ఉంది. పానకాలు నెట్‌లోని పాట విని శ్రుతి పెట్టుకొచ్చాడు. ఆ శ్రుతికి గొంతు ఎక్కించాలంటే బావిలోంచి నిండు బక్కెట తోడినట్టుంది. అప్పుడు ఆమె అనుకున్నది ఇది: ఆ రోజు కల్లంలో ఏదో ఊపులో పాడాను, ఆ ఊపు ఇప్పుడు తెచ్చుకోలేకపోతున్నాను. మిరియాల కషాయం తాగింది. పెరుగు మానేసింది. తెల్లారుజామున లేచి సాధన చేసింది. చివరికి ఎక్కించింది. జనం ఈలలేశారు. మనిషిని చూసి నమ్మనివాళ్లు కూడా ఆ గొంతు విని నమ్మారు. ప్రతిసారీ పాట అయ్యాక మెడ నరాలు పట్టేసేవి, మింగుడు పడేది కాదు.

పేరమ్మ గొడవ పేరమ్మది. "ఏందయ్యా పానకాలూ, నేను కల్లంలో ఇంత జోరుగా కొట్టలా. ఆ సెల్లులో నా డబ్బా చూడు, కుక్క తరిమినట్టు పరిగెత్తుతంది."

"నీకు వయసైంది పేరమ్మత్తా. అప్పుడు హుషారుగా కొట్టావు."

"మూడేళ్లకేనా అంత ముసలైపోతారు? నీ కీబోర్డుకి రాలేదేం వయసు?"

అందరూ నవ్వి ఊరుకునేవారు.

మధ్యలో నస్రత్ తన సొంతానికి ఆరేడు పాటలు కట్టింది. పత్తితీత మీద ఒకటి, పరుపుల కొట్టు మీద ఒకటి, రాత్రి బస్సు తప్పిపోయిన మనిషి మీద ఒకటి. విజయవాడ పోయి స్టూడియోలో, తన కూడబెట్టిన దాంతో, తన మామూలు గొంతుతో పాడింది. సలీం నెట్లో పెట్టాడు. కింద రాసినవాళ్లు రాశారు: 'ఎవరండీ ఈ మగరాయుడు?' 'నస్రత్ పేరు పెట్టుకుని మోసం చేస్తున్నారు, జాగ్రత్త.' 'అసలు నస్రత్ ఇలా పాడదు.' ఆ చివరిది ఆమె చాలాసేపు చూస్తూ కూర్చుంది.

రెండువేల తొమ్మిది మిరపకోతల నాటికి మాట్లాడుతుంటే మాట మధ్యలో విరిగిపోవడం మొదలైంది. 'అమ్మా' అంటే 'అ' ఒకచోట, 'మ్మా' ఇంకోచోట. ఇక లాభం లేదని పేరమ్మే ఆమెని బ్రాడీపేటలో గొంతు డాక్టరమ్మ దగ్గరికి లాక్కుపోయింది. డాక్టరమ్మ ముక్కులోంచి సన్నటి గొట్టం దించి, టీవీలో చూపించింది.

"అరచేతిలో కాయలు కాస్తాయి చూడండి, పార పట్టేవాళ్లకి. అట్లాగే మీ గొంతులో తీగల మీద కాసినయ్. రెండువైపులా. ఏం చేస్తారు మీరు?"

"పాడతానండి."

"ఎక్కడ పాడతారు?"

"ప్రోగ్రాముల్లో."

"ఊరు కాదమ్మా, ఏ స్థాయిలో అని. మీ మాట ఇంత కింద ఉంది."

నస్రత్ రెండు మాటలు పాడి చూపించింది. డాక్టరమ్మ చెయ్యెత్తి ఆపేసింది. "ఈ గొంతుతో అంత పైన ఎవరు పాడమన్నారు మిమ్మల్ని?"

"నా పాటేనండి. మొదట్నించీ అంతే పాడాను."

"మొదట్నించీ అంతే పాడిన గొంతైతే ఇట్లా అవ్వదు" అని, మందుల చీటీ రాస్తూ చెప్పింది. "రెండు నెలలు మాట బంద్. గుసగుస కూడా వద్దు. ఆ తర్వాత మీ మామూలు స్థాయిలో మెల్లగా మొదలుపెట్టుకోవచ్చు. మళ్లీ ఆ పైకి పోయారంటే ఆపరేషనే. అదయ్యాక పాట సంగతి నేను చెప్పలేను."

"ప్రోగ్రాములు ఒప్పుకున్నామండి."

"గొంతు ఒప్పుకోవడం లేదుగా" అంది డాక్టరమ్మ.

డాక్టరమ్మ అన్నదాంట్లో నస్రత్‌కి కాయలు కాసిన సంగతి కంటే, 'మొదట్నించీ అయితే ఇట్లా అవ్వదు' అన్న మాట ఎక్కువ పట్టుకుంది. ఆస్పత్రి నుంచి సలీం కొట్టు రెండు వీధులే. నడుచుకుంటూ వెళ్లింది. వెనకాల పేరమ్మ, "మాట్టాడొద్దన్నారు, గుర్తుందా" అని గొణుగుతూ వస్తోంది.

కొట్టులో సలీం, పానకాలు ఉన్నారు. మర్నాడు ఇంకొల్లులో ప్రోగ్రాము, దాని ఏర్పాట్లు మాట్లాడుకుంటున్నారు. నస్రత్ కుర్చీ లాక్కుని కూర్చుంది.

"అన్నా, నేను మొదట తెచ్చిన క్యాసెట్టు ఉందా?"

"ఎందుకుండదు? నా కొట్టుకి అన్నం పెట్టింది అదే" అని సలీం సొరుగులోంచి తీశాడు. డెక్కులో పెట్టి మీట నొక్కాడు. కాకి అరిచింది, మేస్త్రీ కేకేశాడు, సన్నటి గొంతు గలగలా ఎత్తుకుంది. ప్రపంచం అంతా ఎరిగిన గొంతే.

"చూశావా? నువ్వే. డాక్టర్లు సవాలక్ష చెబుతారు."

నస్రత్ తల వాల్చేసింది. అంతే అయ్యుంటుంది. తన తప్పే.

పానకాలు బుర్ర గోక్కున్నాడు. "ఒకసారి ఇటివ్వండి సలీం గారూ." అతని సంచిలో పాత వాక్‌మన్ ఒకటి ఉంది. బస్సులో పాటలు విని శ్రుతులు పట్టుకోవడానికి. క్యాసెట్టు అందులో వేసి, వైరు తీసి కౌంటరు మీది స్పీకరుకి పెట్టాడు.

కాకి అరిచింది. ఈసారి తాపీగా, కడుపు నిండిన కాకిలా అరిచింది. మేస్త్రీ కేక బండగా పడింది. డబ్బా మీద వేళ్లు ఒకటొకటిగా నడిచాయి. ఆపైన, కొంగు వెనకాల నుంచి, నింపాదిగా, కాగులోంచి తోడినట్టు ఒక గొంతు లేచింది. *ఎర్రెర్రని కల్లం మీద...* చరణం అయ్యాక గాలి పీల్చుకునేంత ఎడం వచ్చింది.

"రెండు మెట్లు తేడా" అన్నాడు పానకాలు మెల్లగా. "నిక్కచ్చిగా రెండు మెట్లు."

పేరమ్మకి మిగతావి ఏవీ పట్టలేదు. "అదిగో! అదీ నా డబ్బా! ముసలిదన్నారే నన్ను, ఇప్పుడు చెప్పండి!"

సలీం డెక్కు వంక చూశాడు. దాని వెనక మూతవైపు చూశాడు. నాలుక కరుచుకుని, "అరె, స్క్రూ!" అన్నాడు.

"ఏం స్క్రూ?"

"క్యాసెట్టు పాడే అరలో మోటారు వెనక ఉంటది. అప్పట్లో అర చుట్టు తిప్పి పెట్టా. కాస్త జోరుగా తిరుగుద్ది, పాట తొందరగా అయిపోద్ది, గొంతు సన్నబడుద్ది. అరవై నిమిషాల క్యాసెట్లో అందరూ పన్నెండు పాటలు పట్టిస్తే నేను పధ్నాలుగు పట్టించేవాణ్ణి. మరి నా కొట్టుకే ఎందుకొచ్చేవాళ్లనుకుంటున్నావ్ జనం? జోరుగా ఉంటే హుషారుగా ఉందనేవాళ్లు గూడా. కంప్యూటర్లు వచ్చినాక దాని సంగతే మర్చిపోయా."

అతనికి సిగ్గేమీ లేదు. కొట్టు పనిలో అదొక నేర్పు. టీలో కాస్త నీళ్లు ఎక్కువ పోసినవాడికి సిగ్గెందుకు?

నస్రత్ డెక్కు మూత మీద చెయ్యి వేసింది. మూడేళ్లు. కషాయాలు, తెల్లారుజాములు, మెడకి కట్టిన తడిగుడ్డలు. ఊపు తగ్గిందని తనని తాను తిట్టుకోవడాలు. పరిగెత్తి అందుకోవాలని చూసింది ఒక మోటారుని. నస్రత్ అడిగింది:

"అన్నా, నేను నీ డెక్కుని చూసి పాడానా ఇన్నాళ్లూ?"

సలీంకి కాస్త చురుక్కుమంది. "నన్నంటావేంది? ఆ స్క్రూ తిప్పకపోతే నిన్నెవరు వినేవాళ్లు? నీ గొంతుతో నువ్వు ఆరేడు పెట్టావుగా. ఏమైంది? చెప్పు."

అందులో నిజం ఉందని నస్రత్‌కి తెలుసు.

"ఇంకొల్లు ఒక్కటి పాడతా" అంది. "ఈ క్యాసెట్లో ఉన్నట్టు పాడతా. తర్వాత డాక్టరమ్మ చెప్పినట్టు నోరు మూసుకుంటా."

"వాళ్లు ఒప్పుకోరు."

"వాళ్లు మిరప రైతులు. కల్లం పాట వాళ్లకి కొత్తా?"

సలీం పానకాలు వైపు చూశాడు. పానకాలు వాక్‌మన్ వైపు చూస్తున్నాడు.

ఇంకొల్లులో ప్రోగ్రాము పురుగుమందుల డీలరు వీరబాబుది. రైతు సదస్సు అని పేరు. పత్తి మిల్లు ఆవరణలో షామియానా, కుర్చీలు, చివర బిరియానీ పొట్లాల గుట్ట. మధ్యాహ్నం ఎండ ఇంకా మెత్తబడలేదు. కంపెనీ నుంచి వచ్చిన ఒకాయన మైకు పట్టుకుని బొబ్బర తెగులు గురించీ, తామర పురుగు గురించీ చెబుతున్నాడు. వినేవాళ్లు బిరియానీ వైపు చూస్తున్నారు. ఒక పక్కన కుర్చీలు నిండాలని ట్రాక్టరులో తెచ్చిన ఆడకూలీలు కొంగులు తలల మీద వేసుకుని కూర్చున్నారు.

వీరబాబు స్టేజీ వెనక్కి వచ్చాడు. తెల్లచొక్కా, జేబులో మూడు పెన్నులు. "అమ్మా, కాస్త గట్టిగా కొట్టాల. జనం నిద్రపోతన్నారు. పాట అయ్యాక మన కొత్త మందు పేరు ఒక్కసారి చెబితే చాలు."

"పాట పాడతాగాని మందు సంగతి మీరే చెప్పండి" అంది నస్రత్. గొంతు మధ్యలో జీరపోయింది.

"జలుబా?"

"అలసటండి."

పేరు పిలిచారు. చప్పట్లు, ఈలలు. నస్రత్ మైకు ముందుకెళ్లింది. పానకాలు కీబోర్డు మీద మీట నొక్కి శ్రుతి రెండు మెట్లు దించాడు. పేరమ్మ డబ్బా బోర్లించి, ఒకటొకటిగా వేళ్లు వేసింది. పోయిన వస్తువు దొరికినంత సంబరం ఆమె ముఖంలో.

నస్రత్ పాడింది.

గొంతు అడుగు నుంచి వచ్చింది. మూడేళ్ల తర్వాత మొదటిసారి మెడలో ఏదీ లాగలేదు. కాయలు కాసిన తీగలైనా ఆ కిందిస్థాయిలో ఎక్కడా అడ్డం పడలేదు, కాస్త బొంగురు తప్ప. *ఎండ సదురుకుంది* అని ఆపి, గాలి పీల్చుకుంది. ఆ ఎడంలో మగవాళ్ల కుర్చీల్లోంచి మాటలు వినిపించాయి.

"మైకు పోయిందా ఏంది?"

"పిల్లకి గొంతు బొంగురుపోయినట్టుందిరా."

"ఏందిది, ఎవరో పోయినట్టు?"

రెండో చరణం. ఆడవాళ్ల వరసలో గుసగుసలు ఆగాయి. ఒకామె తల మీది కొంగు తెలియకుండానే మూతి మీదికి లాక్కుంది. అంతకు మించి ఏమీ జరగలేదు. వాళ్లు చప్పట్లు కొట్టడానికి తెచ్చిన మనుషులు, చెప్పినప్పుడు కొడతారు. ముందు వరసలో ఒక పెద్దాయన మాత్రం చెవి ఒగ్గి కాసేపు విని, పక్కాయనతో, "మా కల్లంలో ఆడోళ్లు ఇట్టాగే ఏడుస్తారయ్యా. దీనికి స్టేజీ ఎందుకు?" అన్నాడు. ఆ మాట మైకు దాకా వచ్చింది.

"అసలు పాట పెట్టండెహే!" అని వెనక నుంచి ఒక కేక. ఇంకో నాలుగు కేకలు దాని వెనకాలే.

వీరబాబు సౌండువాడి దగ్గరికి పరిగెత్తాడు. ప్రోగ్రాము మొదలవకముందు జనాన్ని పిలవడానికి వాళ్లు వేసుకున్న పాట అక్కడే ఉంది. మీట పడింది. పెద్ద స్పీకర్లలోంచి ఆ సన్నటి గొంతు, గట్ల మీద పిల్ల, గలగలా పరిగెత్తుకొచ్చింది. షామియానా కింద ఒక్కసారి గాలి మారింది. ఈలలు. కుర్రాళ్లు కుర్చీలు ఎక్కారు. కండువాలు పైకి ఎగిరాయి.

నస్రత్ చేతిలో మైకు అట్లాగే ఉంది. ఆ పాట వినబడగానే, పిలిస్తే లేచే కుక్కలా గొంతు దానంతటది పైకి లేవబోయింది. మెడ కండరాలు బిగిశాయి. అందుకోగలదు. ఇప్పుడైనా అందుకోగలదు. ఒక్క ఊపు తీసుకుంటే పాటలో కలిసిపోతుంది, నాలుగు నిమిషాల్లో అంతా సర్దుకుంటుంది, శాలువా కప్పుతారు, బిరియానీ తింటారు, మిగతా ప్రోగ్రాములు ఉంటాయి. పానకాలు కీబోర్డు మీంచి వంగి అడిగాడు:

"ఎక్కించనా చెల్లెమ్మా? రెండు మెట్లేగా?"

ఆమె గుటక వేసింది. దానికి కూడా నొప్పి పుట్టింది.

"వద్దన్నా" అంది. "పాడనీ దాన్ని."

మైకు స్టాండులో పెట్టి, రెండడుగులు వెనక్కి వేసి, చేతులు కట్టుకుని నిలబడింది. పాట అయ్యేదాకా అట్లాగే నిలబడింది. పేరమ్మ కాసేపు ఆ జోరు వెంట డబ్బా వాయించబోయి, అందక, విసుగొచ్చి ఒళ్లో పెట్టుకుంది. పాట అయిపోయాక చప్పట్లు మోగాయి. అవి తనకి కావని నస్రత్‌కి తెలుసు. అయినా అలవాటుగా చేతులు జోడించింది.

వీరబాబు శాలువా కప్పాడు. "ఆరోగ్యం బాగలేకపోయినా మన రైతుల మీద అభిమానంతో వచ్చిన..." అని మైకులో చెప్పి, మైకు పక్కకి తీసి మెల్లగా అన్నాడు: "ఏమనుకోవద్దమ్మా. ఈ మాత్రానికి మీరు రావడం ఎందుకు, సీడీ పంపితే సరిపోయేదిగా?"

ఆ మాట ఆమెకి గుచ్చుకోవాలి. గుచ్చుకోలేదు. ఆలోచన మాత్రం ఇచ్చింది.

కారు ఎక్కాక సలీం అందుకున్నాడు. "పరువు తీశావు. ఇంకా ఎన్ని ఊళ్లకి మాటిచ్చానో తెలుసా? ఈ కోతల్లోనే రైతు చేతిలో నాలుగు డబ్బులాడేది. ఈ రెండు నెల్లూ పోతే మనల్ని పిలిచేవాడెవడు?"

"సీడీ పంపన్నా."

"ఏందీ?"

"ఆ పాట కావాలన్న ఊరికల్లా సీడీ పంపు. నన్ను పంపకు."

"జనం మనిషిని చూడాలంటారు."

"చూసినప్పుడల్లా నేను కాదంటన్నారుగా. నెట్లో ఉన్న ఆ ఓణీ పిల్ల బొమ్మే పెట్టు. హాయిగా ఉంటది."

"నీ పేరు ఏం కావాలి మరి?"

"పేరు కూడా దానికే ఇచ్చెయ్యి. నా పేరు దాంతోనే ఎక్కువ తిరిగింది."

కాసేపు పత్తి లారీ వెనక కారు నిదానంగా పోయింది. గాలికి లారీ మీంచి దూది పింజలు లేచి అద్దానికి తగిలి పోతున్నాయి.

"రెండు నెల్ల తర్వాత?" అన్నాడు సలీం. "నీ మామూలు గొంతుతో మళ్లీ పెడతావా నెట్లో?"

"పెడతా."

"ఎవరూ వినకపోతే?"

"వినకపోతే కల్లాలున్నాయి" అంది నస్రత్. ఆ వాక్యం చివర మాట మళ్లీ విరిగింది. పేరమ్మ వెనక సీటులోంచి చెయ్యి చాపి ఆమె నోరు మూసేసింది. "ఇక చాలు. డాక్టరమ్మ నన్ను తిడద్ది."

కల్లాలున్నాయి అన్నదే ఆ రోజుకి నస్రత్ ఆఖరి మాట.

తాటివారిపాలెం చేరేసరికి పొద్దు వాలుతోంది. జానీబీ వసారాలో పరుపు కుడుతోంది. కూతురు దిగడం చూసి, సూది పరుపుకే గుచ్చి లేచింది. "ఏం వండను? అన్నం తింటావా, రొట్టె చెయ్యనా?" నస్రత్ గొంతు మీద చెయ్యి పెట్టి తల అడ్డంగా ఊపింది.

"ఇంకో రెండు నెల్లు మాట్టాడకూడదంటమ్మా" అని పేరమ్మ కారులోంచే కేకేసి చెప్పింది. "మాట్టాడితే మూగదైపోద్దంట. నువ్వే చూసుకో." కారు వెళ్లిపోయింది.

జానీబీ కూతుర్ని ఎగాదిగా చూసింది. భయపడిందో ఏమో బయటికి కనబడనివ్వలేదు. కుట్టడం పూర్తయిన పరుపు ఒకటి చాపమీద పరిచి, "పడుకో" అంది. కొనుక్కున్నవాళ్లు ఇంకా పట్టుకుపోలేదు. కొత్త గుడ్డ గరగరలాడుతోంది.

"మాట్టాడొద్దన్నారు సరే. వినొద్దని అనలేదుగా?"

నస్రత్ తల అడ్డంగా ఊపింది.

"హమ్మయ్య. మూడేళ్ల నుంచీ నాలుగు మాటలు చెప్పుకుందామంటే ఫోను మోగుద్ది, కారొస్తది, పోతావు" అని జానీబీ మళ్లీ సూది అందుకుంది. మొదలుపెట్టింది. పెళ్లికని పరుపులు కుట్టమని బయానా ఇచ్చి పెళ్లే తప్పిపోయినవాళ్ల సంగతి. మిల్లులో దూదికి బదులు ఏదో తుక్కు కలిపి అంటగట్టబోతే తను చేత్తో పట్టుకుని చెప్పేసిన సంగతి. మేకపిల్ల ఎవరి దొడ్లోనో దూరితే మూడిళ్లవాళ్లు పోట్లాడుకున్న సంగతి. ఏ సంగతి ఎక్కడ ఆగి ఏది ఎక్కడ మొదలైందో తెలియకుండా, తొందరేమీ లేకుండా, కుట్టుకీ కుట్టుకీ మధ్య ఆగుతూ చెబుతోంది.

నస్రత్ వింది. మేకపిల్ల దగ్గర నవ్వొచ్చి, చప్పుడు రాకుండా నవ్వింది. ఆ తర్వాత ఎక్కడో కళ్లు మూతపడ్డాయి.

కూతురు నిద్రపోయిందని జానీబీ చూసింది. చూసినా ఆపలేదు. గొంతు కాస్త తగ్గించి, మిగతాది చెప్పుకుంటూ పోయింది.